చింగీ ఎదకొచ్చిన ఆషాఢం

మొదటి చుక్క పోశం కంటబడింది వంటింటి గడప దగ్గర. గోరంత ఉంది, ఎర్రగా, ఇంకా ఆరకుండా.

పోశం నెత్తురు చూసి జడిసే రకం కాదు. ఉద్యోగమంతా భూమి కింద బొగ్గుగనిలోనే గడిచింది. పైకప్పు జారి చెయ్యి నలిగిన వాళ్లను భుజాన వేసుకుని పైకి తెచ్చిన మనిషి. అలాంటివాడు ఆ గోరంత చుక్కను చూసి గబుక్కున మొహం తిప్పుకున్నాడు. ఎందుకంటే ఇంట్లో ఉన్న ఆడమనిషి ఒక్కతే, కోడలు ప్రణీత.

అటూ ఇటూ చూశాడు. కోడలు మధ్య గదిలో చెవులకు ఏదో తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంట్లో కూర్చునే ఏదో కంపెనీ పని చేస్తుంది. పోశం కాళ్లు తుడుచుకునే గుడ్డ తీసి, దాని మీద కాలు వేసి, ఆ చుక్కను తుడిచేశాడు. తుడిచేటప్పుడు కూడా అటు చూడలేదు. చూడకుండా తుడవడం ఎలాగో ఆయనకే తెలియాలి. తర్వాత చెప్పులేసుకుని బాబుపేట్ చౌక్‌లో చాయ్ బండి దగ్గరికి వెళ్లి, తాగాలని లేకపోయినా రెండు చాయ్‌లు తాగాడు.

ఆయన భార్య మల్లవ్వ పోయి ఏడాది దాటింది. ఆమె ఉన్న రోజుల్లో ఈ సంగతి ఇంట్లో మాటల్లోకి వచ్చేదే కాదు. ఆ నాలుగు రోజులూ మల్లవ్వ వెనక రేకుల షెడ్డు కింద చాప వేసుకునేది, పోశం పొయ్యి ముట్టించేవాడు, అంతే. ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. ఇప్పటి పిల్లలు అలా ఉండరని ఆయనకు తెలుసు. కొడుకు గోపాల్‌కు మంచిర్యాల సంబంధం చేసేటప్పుడే, చదువుకున్న పిల్ల, మన పట్టింపులు దాని మీద రుద్దకూడదని మల్లవ్వ గట్టిగా చెప్పింది. ప్రణీత వచ్చి ఇన్నాళ్లయినా ఆ రోజులు ఎప్పుడొచ్చాయో, ఎప్పుడు పోయాయో పోశంకు తెలియలేదు. తెలియకపోవడమే ఆయనకు హాయిగా ఉండేది.

గోపాల్ కోర్పనా వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అక్కడే రూము తీసుకుని, వారానికొకసారి సెలవు దొరికితే వస్తాడు. మిగతా రోజులు ఆ ఇంట్లో మామా కోడలూ, చింగీ.

చింగీ కుక్కపిల్ల. కుక్కపిల్ల అని ఇంకా అంటున్నారు గానీ ఎదిగింది. ఏడాది నిండడానికి మాత్రం ఇంకా టైముంది. ఆటో స్టాండు పక్క మోరీలో వణుకుతుంటే చలికాలంలో ప్రణీత చున్నీలో చుట్టి తెచ్చింది. పేరు పెట్టింది వీధిలో మరాఠీ పిల్లలు. 'ఇంట్లకు కుక్క ఏంది బిడ్డా' అని రెండు రోజులు గొణిగిన పోశం, మూడో రోజు నుంచి దాని గిన్నెలో తన వంతు పాలు పోయడం మొదలుపెట్టాడు. ఇప్పుడది ఆయన మంచం కిందే పడుకుంటుంది. పొద్దున ఆయన గేటు తీస్తే ముందు అదే బయటికి దూకుతుంది. ఆ కుక్కకు చెవి వెనక గోకితే ఇష్టమని ఆయనకు తెలుసు, ఉరుముకు భయమని తెలుసు. అది ఆడదని కూడా తెలుసు. అయితే ఆ మాటకు అర్థం ఏమిటో ఎప్పుడూ ఆలోచించలేదు.

మర్నాడు మళ్లీ చుక్కలు. ఈసారి దేవుడి గూటి కింద. ఆ మర్నాడు నడవాలో, తన మంచం పక్కన. కోడలు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నేల తుడుస్తూ కనిపించింది. ఎప్పుడూ లేనిది ఇన్నిసార్లు తుడవడమేంటి? అదే రుజువు అనుకున్నాడు. పొద్దున ఆయన గేటు తీసేలోపే కోడలు చింగీని వెనక్కి తిప్పడానికి తీసుకుపోతోంది. అది పడుకునే చోట పాత దుప్పటి మడిచి పరిచింది. దాన్ని ఆయన ముద్దు చేయడమనుకున్నాడు. కళ్ల ముందున్నవన్నీ చూశాడు పెద్దమనిషి, ఒక్కటీ సరిగ్గా చూడలేదు.

సిగ్గు మెల్లగా కోపంగా మారింది. ఇంత చదువుకున్న పిల్లకు ఇంత అజాగ్రత్త ఏమిటి? మామ అనే మనిషి ఇంట్లో తిరుగుతున్నాడన్న ధ్యాసైనా ఉండొద్దా? పైగా ముందున్నది బోనం.

ఆషాఢంలో ఒక ఆదివారం బాబుపేట్‌లోని తెలుగు ఇళ్లన్నీ పోచమ్మకు బోనం ఎత్తుతాయి. ఈ మరాఠీ గడ్డ మీద గనుల్లో పనికి వచ్చిన తాతల నాటి నుంచి ఉన్న ఆనవాయితీ. మల్లవ్వ పోయినందువల్ల పోయినేడు పోశం ఇంట్లో బోనం లేదు. ఈ ఏడు కోడలు ఎత్తాలి. ప్రణీత సంబరంగా కొత్త కుండ తెచ్చుకుంది. దానికి పసుపు పూసి, సున్నంతో చుక్కలు పెట్టి, ఎలా ఉంది మామయ్యా అని చూపించింది కూడా. మంచిగుంది బిడ్డా అన్నాడు అప్పుడు. ఇప్పుడు ఆ కుండ ఉన్న మూలకు పోవడమే మానేశాడు. అంటుతో అమ్మవారి బోనం వండితే?

కోడలితో తాను చెప్పలేడు. కొడుక్కు చెప్పాలన్నా నోరు రాదు. చివరికి బామ్నిలో ఉన్న వదిన రుక్కమ్మకు ఫోన్ చేశాడు. చచ్చిపోయిన అన్న భార్య. మల్లవ్వ తర్వాత ఆ ఇంటికి పెద్దదిక్కు ఆమే.

"వదినా, ఈ బోనం నువ్వే వచ్చి వండాలె."

"ఏం, నీ కోడలికి ఏమైంది? మొన్ననే కుండ తెచ్చిన పెద్దత్తమ్మా అని సంబురంగ జెప్పింది గద."

"గది కాదు వదినా... ఎట్ల జెప్పాలె. ఇల్లంత మచ్చలు వడుతున్నయ్. నేనే తుడుసుకుంట తిరుగుతున్న."

"అయ్యో శివా!"

"నేను జెప్పిన్నని అనకు. నువ్వే జెర సైగ జెయ్యి."

రుక్కమ్మకు చేతగాని పని ఏదైనా ఉందంటే అది సైగ చెయ్యడమే. ఆమె బామ్నిలో మాట్లాడితే బల్లార్‌పూర్‌లో వినిపిస్తుందని అన్న బతికున్నప్పుడు నవ్వేవాడు. అది తెలిసీ పోశం ఆమెకే చెప్పాడు. చెప్పి, బరువు దింపుకున్నట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆదివారం పొద్దున ముసురు పడుతోంది. పక్కింటి బాలమ్మ, ఎదురింటి గంగవ్వ, ఆటో నడిపే ప్రమోద్ వాళ్ల అమ్మ వచ్చి నడవాలో కూర్చున్నారు. ప్రమోద్ తల్లి మరాఠీ ఆమె అయినా ఈ వీధి బోనాలకు ఎప్పుడూ తప్పదు. చింగీని అరుగు మీద గొలుసుతో కట్టేశారు. అది ఎవరినీ పట్టించుకోకుండా కాలు ఎత్తి తనను తాను నాక్కుంటోంది. ప్రణీత తలస్నానం చేసి, పసుప్పచ్చ చీర కట్టుకుని, వేపమండలు చుట్టిన కుండను రెండు చేతులా పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. ఆ పిల్ల మొహంలో అంత వెలుగు పోశం పెళ్లినాడు కూడా చూడలేదు.

"ఆ కుండ కింద పెట్టు బిడ్డా," అంది రుక్కమ్మ. "నువ్వు ముట్టద్దు. పక్కకుండు."

ప్రణీతకు అర్థం కాలేదు. "ఎందుకు పెద్దత్తమ్మా?"

"ఎందుకంటవేంది? ఇల్లంత మచ్చలు వడుతున్నయంట. మీ మామ తుడుసుకుంట తిరుగుతుండు. ఇంత సదువుకున్నవ్, గా మాత్రం జాగర్త లేకపాయె? అమ్మోరికాడ గిసొంటివి నడువయి."

ప్రణీత మొహం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. ఆమె ఒక్క క్షణం అరుగు మీది చింగీ వైపు చూసింది. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ పోశం వైపు చూసింది. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. బాలమ్మ కూడా నోరు తెరిచి, ప్రణీతను చూసి మూసుకుంది.

"సరే పెద్దత్తమ్మా," అని కుండను పీట మీద పెట్టి, ప్రణీత వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

బోనం రుక్కమ్మ వండింది, రుక్కమ్మే నెత్తిన ఎత్తుకుంది. డప్పుల వెనక తడుస్తూ నడిచిన పోశంకు, నిజం చెప్పాలంటే, నిమ్మళంగా అనిపించింది. తాను ఒక్క మాట అనకుండానే పని జరిగింది. ఆ రోజు ఆ మనిషికి సిగ్గు అనిపించి ఉంటే ఎంత బాగుండేది!

మర్నాడు ప్రణీత బ్యాగు సర్దుకుంది. అమ్మ రమ్మంటోందని, కొన్ని రోజులు మంచిర్యాలలో ఉండి వస్తానని చెప్పింది. గోపాల్‌కు కూడా అదే చెప్పిందట. గేటు ముందు ప్రమోద్ ఆటో ఆగి ఉంది. పోశం అరుగు మీద మరాఠీ పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు మరాఠీ చదవడం రాదు. కానీ కోడలి మొహం చూడకుండా ఉండడానికి ఏ భాష పేపరైతేనేం.

"మామయ్యా, చింగీని బయటికి ఇడువొద్దు. దాని ఒళ్లు మంచిగ లేదు. గేటుకు గొళ్లెం పెట్టే ఉంచుండ్రి. ఎన్కకు, గోడ లోపలనే తిప్పుండ్రి."

"సరే సరే."

"మర్వరు గద?"

"సరే అంటి గద బిడ్డా."

ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. ఆమె ఇంకో రెండు క్షణాలు నిలబడింది. ఆయన పేపరు పేజీ తిప్పాడు. ఆటో వెళ్లిపోయింది.

ఆ మర్నాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే లేచి, ఎప్పటిలాగే గేటు తీశాడు. చింగీ ఎప్పటిలాగే దూకింది. ఆయన చాయ్ బండి వైపు వెళ్లాడు.

తిరిగి వచ్చేటప్పుడు నల్లా దగ్గర మలుపులో జనం కనిపించారు. బిందెలతో ఆడవాళ్లు, ఆటో స్టాండు మనుషులు. కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న వాళ్లు కొందరు, చీపురు విసిరిన వాళ్లు ఒకరు. మధ్యలో చింగీ. దాని వెనక, దానితో అంటుకుపోయి, చౌక్‌లో తిరిగే పెద్ద పచ్చకుక్క. రెండూ చెరోవైపు తిరిగి విడిపడలేక గుంజుకుంటున్నాయి. చుట్టూ ఇంకో నాలుగు మగకుక్కలు మొరుగుతున్నాయి. చింగీ సన్నగా ఏడుస్తోంది. అది కుక్క అరుపులా లేదు.

"ఎవరిదిది? ఎవరి కుక్క?" అని ఎవరో అడుగుతున్నారు.

అప్పుడే చింగీ ఆయన్ని చూసింది. ఏడుపు ఆపి చెవులు నిక్కించింది. తోక కదిలించబోయింది. ఇక తన మనిషి వచ్చాడు, ఇక భయం లేదు అనుకుంది కాబోలు.

పోశం వెనక్కి తిరిగాడు. అంత మంది ఆడవాళ్ల ముందు ఆ కుక్క తనదని చెప్పుకోవడానికి ఆయనకు కాళ్లు రాలేదు. నాది కాదని నోటితో అనలేదు, నిజమే. పక్క సందులోంచి చుట్టు తిరిగి ఇంటికి వెళ్లి, తలుపు వేసుకుని, మంచం మీద కూర్చున్నాడు. ఆ ఏడుపు అక్కడికి వినిపించదు. అయినా వినిపించింది.

కొంతసేపటికి గేటు చప్పుడైంది. ప్రమోద్ చింగీని చేతుల మీద మోసుకుని తెచ్చాడు. చొక్కా అంతా బురద. ఈ వీధిలోనే పుట్టి పెరిగినవాడు గనక తెలుగు వచ్చు, సగం మరాఠీ కలుపుతాడు.

"కాకా, ఏంది ఇది? కుత్రీ మాజావర్ వచ్చింది, మోకాట్, కట్టెయ్యకుండ ఇడిసిపెట్టిండ్రు ఏంది?"

"ఏమొచ్చింది?"

"మాజావర్, కాకా. ఎదకొచ్చింది. పెహిలీ బార్. వారం పైన అయింది, కనబడ్లే మీకు? రక్తం పడుతుంది కదా. ప్రణీత వహినీ అందుకే గేట్ బంద్ పెట్టుకున్నది. నాకు గూడ తెలుసు." ప్రమోద్ చింగీని అరుగు మీద దించాడు. "చిన్నది కాకా ఇంకా. కడుపు నిలిస్తే ప్రాణం మీదికి వస్తది. డాక్టర్‌కు జల్దీ చూపియ్యాలె. ఉంచాలా, తీసెయ్యాలా, ఆపరేషన్ చెయ్యాలా అని అడుగుతరు. వహినీకి ఫోన్ చెయ్యండ్రి."

ప్రమోద్ వెళ్లిపోయాడు. చింగీ కుంటుకుంటూ లోపలికి వచ్చింది. వంటింటి గడప దాటి, గిన్నెలో నీళ్లు తాగి, దేవుడి గూటి కింద చల్లటి నేల మీద కూర్చుని తనను తాను నాక్కోవడం మొదలుపెట్టింది. అది నడిచి వచ్చిన దారి పొడుగునా చుక్కలు. గడప దగ్గర ఒకటి. నడవాలో రెండు. గూటి కింద ఒకటి, గోరంత, ఇంకా ఆరకుండా.

ఇంట్లో ఆడమనిషి లేదు.

పోశం ఉన్నచోటనే నేల మీద కూర్చుండిపోయాడు. ముందు తల ఖాళీ అయింది. తర్వాత ఒక్కొక్కటే వచ్చి మీద పడ్డాయి. కోడలు నేల తుడవడం. పాత దుప్పటి. దాని ఒళ్లు మంచిగ లేదు అన్న మాట. బోనం నాడు ఆ పిల్ల మొహంలోంచి వెలుగు ఆరిపోవడం. రుక్కమ్మ గొంతు. ఆ గొంతులోని ప్రతి మాటా తాను ఫోన్లో అందించిందే. బొగ్గుగనిలో తప్పు చేస్తే పని చేయించే సర్దార్ నలుగురిలో బూతులు తిట్టేవాడు, అది అక్కడితో అయిపోయేది. ఇక్కడ తిట్టేవాళ్లు లేరు. తనను తిట్టాల్సిన పిల్ల మంచిర్యాలలో ఉంది.

ఆయన లేచి గుడ్డ తడిపి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క చుక్కనూ తుడిచాడు. ఈసారి చూస్తూ తుడిచాడు.

ఆ రోజు నుంచి పోశం చేయని చాకిరీ లేదు. గేటుకు తాళం వేశాడు. గేటు కింద సందు ఇటుకలతో మూసేశాడు. మగకుక్కలు గోడ మీద ముందరి కాళ్లు పెట్టి లోపలికి చూస్తుంటే కర్ర పట్టుకుని అరుగు మీద కాపలా కూర్చున్నాడు. "కాకా, ఏ షిఫ్టు డ్యూటీ? ఫస్టా, సెకండా?" అని ఆటో స్టాండు వాళ్లు కేకేసి నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు. పాత ధోవతి చింపి, తోకకు కన్నం పెట్టి, చింగీ నడుముకు కట్టాడు. అది పళ్లతో పీకేసింది. మళ్లీ కట్టాడు. మళ్లీ పీకేసింది. ఇద్దరిలో ఎవరు మొండి అన్నట్టు సాగింది ఆ వ్యవహారం. చివరికి పైన తన పాత బనియను తొడిగి, దానికి కలిపి కుడితే నిలిచింది. ఖరాబైన గుడ్డలు వెనక రాయి మీద తానే ఉతికాడు. అన్నం ముట్టకపోతే పాలలో పిసికి వేలితో నాకించాడు. అది రాత్రి మూలిగితే మంచం దిగి పక్కన కూర్చున్నాడు.

ఇంత చేస్తున్నాడు, ఒక్క పని మాత్రం చేయలేదు.

మొదటి రోజు సాయంత్రమే ప్రణీత ఫోన్ చేసింది.

"మామయ్యా, చింగీ ఎట్లున్నది? బయటికి పోలే గద?"

చెప్పడానికే నోరు తెరిచాడు. "పోలే బిడ్డా," అంది నోరు. "ఇంట్లనే ఉన్నది."

"మంచిది మామయ్యా," అంది ప్రణీత.

మర్నాడు కూడా అడిగింది. పోలేదన్నాడు. ఆ తర్వాత రోజూ అడిగింది. ఒకసారి ఆడిన అబద్ధాన్ని రెండోసారి ఆడడం తేలికని ఎవరంటారో గానీ, పోశంకు ప్రతిసారీ మొదటిసారంత బరువుగానే ఉంది. పెట్టేశాక ఫోను వైపు చూడలేకపోయేవాడు. కొడుక్కు చేసి, కుక్క సంగతి నీ భార్యకు నువ్వే చెప్పరాదురా అందామనుకున్నాడు. గోపాల్ ఎత్తగానే, "ఏంది బాపు, మంచిగున్నవా?" అన్నాడు. "మంచిగున్న" అని పెట్టేశాడు. గేటు దగ్గర ప్రమోద్ ఆపి, వహినీకి చెప్పిండ్రు కదా కాకా అని అడిగితే, చెప్పిన అన్నాడు. అదొక అబద్ధం ఎక్కువైంది.

చింగీ నెత్తురు పలచబడింది. చుక్కలు తగ్గాయి. అయిపోయిందేమోనని ఆయనకు ఆశ పుట్టింది. కానీ చింగీ తీరు మారింది. ఇదివరకు గేటు బయటి కుక్కలను చూసి పళ్లు చూపేది, ఇప్పుడు గేటుకు ఆనుకుని తోక పక్కకు పెట్టి నిలబడుతోంది. ఇది అయిపోవడమా, అసలు మొదలవడమా? ఆయనకు తెలియదు. అడగాల్సిన మనిషి ఒక్కతే. ఆ సాయంత్రం ఫోన్ వచ్చినప్పుడు మెల్లగా తోవ తీశాడు.

"బిడ్డా, దానికి... ఆ మచ్చలు తక్కువైనయి. ఇడువొచ్చునా?"

మామ నోటి నుంచి ప్రణీత ఆ మాట వినడం అదే మొదటిసారి.

"ఇడువొద్దు మామయ్యా. తక్కువైనంకనే ఇంక జాగర్త. ఇంకో వారం పది దినాలు తాళం తియ్యద్దు."

"సరే బిడ్డా. ఒక్కటడుగుత. బోనం నాడు... అది చింగీదని నీకు ఎరికేనా?"

"ఎరికే."

"మరెందుకు జెప్పకపోతివి? అంత మందిల..."

"చెప్తే ఏమయితుండె మామయ్యా? కుక్క రక్తం జూసి ఈ ముసలాయన కోడలిదనుకున్నడంట, దినాం గదే సూసుకుంట తిరిగిండంట అంటుండ్రి. నాదే అనుకుంటే నాలుగు దినాలల్ల మరుస్తరు. కాదంటే మిమ్మల్ని మరువరు. మీరు నన్నడిగితే చెప్తుంటి. పెద్దత్తమ్మకు చెప్పిండ్రు."

తాను ఆ పిల్ల పరువు గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆ పిల్ల మాత్రం అంత మందిలో నిలబెట్టి అవమానించిన క్షణంలో కూడా తన పరువు గురించే ఆలోచించింది. ఇంత తెలిశాక ఆయన చెప్పాల్సింది ఒక్కటే ఉంది. దాన్ని గొంతు దాకా తెచ్చాడు.

"బిడ్డా..."

"ఏంది మామయ్యా?"

"ఏం లేదు. పైలం."

ఫోన్ పెట్టేసి నుదురు గోడకు కొట్టుకున్నంత పని చేశాడు.

ఆ మర్నాడు పొద్దుటి నుంచి ఆయన ఏమీ తినలేదు. చింగీ పొట్ట వైపు చూడడం, ఏమీ తెలియక మళ్లీ చూడడం. దాని పక్కటెముకలు వేళ్లకు తగులుతున్నాయి. ఇంత చిన్న ఒంట్లో పిల్లలు పడితే? జల్దీ చూపియ్యాలె అన్నాడు ప్రమోద్. తాను దాచిన ప్రతి రోజూ దాని ప్రాణం మీద పడుతోంది. తన మొహం చెల్లకపోతే పోయింది, కుక్క ఏం చేసింది? మధ్యాహ్నం ఎండ వచ్చింది. పోశం అరుగు మీద కూర్చుని, కర్ర పక్కన పెట్టి, మొదటిసారి తానే కోడలికి ఫోన్ చేశాడు. ఆమె ఎత్తగానే, ఆగితే మళ్లీ నోరు మోసం చేస్తుందన్న భయంతో గబగబా మొదలుపెట్టాడు.

"బిడ్డా, నేను అబద్ధమాడిన. నువ్వు పోయిన తెల్లారే దాన్ని ఇడిసిన. నువ్వు జెప్పింది నేను ఇనలే. నల్లాకాడ పచ్చకుక్క పట్టుకున్నది. అందరు జూసి నవ్వుతుండ్రి. గది గూడ కాదు. అది ఏడుసుకుంట నన్ను జూసింది. జూసి తోక ఊపింది. నేను ఎనుకకు మల్లిన బిడ్డా. నాది కాదన్నట్టు మల్లి ఇంట్లకొచ్చి తలుపేసుకున్న. ప్రమోద్ తెచ్చిండు దాన్ని. దినాం నువ్వు అడుగుతుంటివి, దినాం నేను పోలే అంటి. బోనం నాడు గూడ తప్పు నాదే. వదినకు ఇప్పుడే ఫోన్ జేసి జెప్త."

"చెప్పుండ్రి," అంది ప్రణీత. "పెద్దత్తమ్మకు చెప్తే అందరికి చెప్పినట్టే."

అందులో నవ్వుందో లేదో ఆయనకు అంతు పట్టలేదు. అవతల కుక్కర్ కూత వినిపించింది. ఎవరో పొయ్యి కట్టేశారు.

"నాకు ఎరికే మామయ్యా. ఆ పొద్దే బాలమ్మత్త ఫోన్ జేసింది. నల్లాకాడ ఆమె గూడ ఉన్నదట. మీరు ఎనుకకు మల్లింది గూడ జూసిందట."

"మరి... దినాం అడుగుతుంటివి గద బిడ్డా. బయటికి పోలే గదా అని."

"మీరు చెప్తరేమోనని అడుగుతుంటి."

వీధిలో ఎవరో సైకిల్ మీద వెళ్తూ ఆయన్ని పలకరించారు. ఆయన వినలేదు. రోజుకొకసారి ఆమె తలుపు తెరిచింది. రోజుకొకసారి తాను ఆ తలుపు వేశాడు. అంతా తెలిసిన మనిషితో, తెలిసిందే దాస్తూ, ఇన్ని సాయంత్రాలు.

"డాక్టరు తోటి ఆ పొద్దే మాట్లాడిన," అంది ప్రణీత. "కొన్ని దినాలైనంక తెమ్మన్నడు, చూసి ఆపరేషన్ జేస్తమన్నడు. రేపటికి టైం ఇచ్చిండు. పొద్దుగాల బండికి వస్తున్న. ప్రమోదన్నకు ఆటో తెమ్మని చెప్పిన."

అంటే టికెట్టు కూడా ముందే తీసుకుంది. పోశం అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"బిడ్డా, నేనియ్యాల జెప్పకపోతే?"

"చెప్పకపోతే గూడ వస్తుంటి మామయ్యా," అంది ప్రణీత. కోపం లేదు ఆ గొంతులో, ఉన్నదున్నట్టు చెప్పింది. "చింగీ కోసం."

ఫోన్ పెట్టేసింది. పోశం కదలకుండా కూర్చున్నాడు. చెప్పేస్తే బరువు దిగుతుందని అందరూ అంటారు. ఆయనకు ఏమీ దిగలేదు. లోపలి నుంచి బనియను తొడుక్కున్న చింగీ బయటికి వచ్చి, ఆయన చేతిని ఒకసారి వాసన చూసి, పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది, నల్లా దగ్గర ఏమీ జరగనట్టే. అది కూడా ఒక్కసారి తన నుంచి మొహం తిప్పుకుంటే బాగుండునని పోశంకు అనిపించింది.